వాటర్ పార్కుకు ఏ చెప్పులు? గుడి లెక్క అక్కడ పనికిరాదు

వాటర్ పార్కుకు బయల్దేరే రోజు పొద్దున్నే మన ఇళ్లలో ఒక మాట తప్పకుండా వినపడుతుంది. "పాత చెప్పులు వేసుకోండి, పోతే పోతాయి." గుడికి వెళ్లేటప్పుడు అనే మాటే ఇది. గుడి దగ్గర ఆ లెక్క సరైనదే. చెప్పులు బయట వదిలి గంటసేపు క్యూలో నిలబడతాం, తిరిగొచ్చేసరికి ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. కొత్త జత వదిలి వెళ్తే దేవుడి ముందు నిలబడ్డా ధ్యాసంతా చెప్పుల స్టాండు మీదే ఉంటుంది.

వాటర్ పార్కులో పని వేరు. అక్కడ ఆ చెప్పులతోనే పొద్దుగూకేదాకా తడి నేల మీద తిరగాలి. పాత జత అంటే అడుగున గీతలు అరిగి నున్నబడ్డ జత. ఇంట్లో ఉన్నవాటన్నిట్లోకీ బాగా జారే జతను వెతికి మరీ వేసుకెళ్తున్నామన్నమాట.

నాకీ జ్ఞానం ఊరికే రాలేదు. కొన్నేళ్ల కిందట ఒక మే నెలలో పిల్లల్ని తీసుకుని ఒక వాటర్ పార్కుకు వెళ్లాం. నా కాళ్లకు నాలుగేళ్ల నాటి నీలం పట్టీల హవాయి చెప్పులు. కుడి చెప్పుకు వేళ్ల మధ్య ఉండే గుబ్బ మాటిమాటికీ రంధ్రంలోంచి ఊడొస్తుంటే, అడుగువైపు దానికి పిన్నీసు గుచ్చి నెట్టుకొస్తున్నాను. ఈ వైద్యం తెలియని ఇల్లు మన దగ్గర ఉండదు. రెయిన్ డ్యాన్స్ దగ్గర వెనకాల గెంతుతున్న కుర్రాడెవరో నా చెప్పు మడమ తొక్కాడు, సరిగ్గా అప్పుడే నేను ముందుకు అడుగేశాను. పిన్నీసు విప్పుకుంది, పట్టీ ఊడింది, నేను మోకాళ్ల మీద పడ్డాను. దెబ్బ పెద్దదేం కాదు. లేచి నిలబడ్డాక గుర్తొచ్చింది, ఆ విప్పుకున్న పిన్నీసు నీళ్లలోనే ఎక్కడో ఉంది, చుట్టూ ఓ యాభై మంది వట్టి కాళ్లతో గెంతుతున్నారు. మా ఆయనా నేనూ వంగి రెండు చేతులతో నేలంతా తడుముతుంటే అదో స్టెప్పనుకుని పక్కన ఇద్దరు పిల్లలు మమ్మల్ని చూసి వంగారు కూడా. చివరికి నీళ్లు పోయే జాలీ దగ్గర దొరికింది.

అప్పట్నుంచి మా ఇంట్లో వాటర్ పార్కు చెప్పులకు ఒక పద్ధతి ఏర్పడింది. ఆ వరసలోనే చెబుతాను.

ముందు ఇంట్లో ఉన్నవి తిరగేయండి

కొత్తవి కొనే పనే ఉండకపోవచ్చు. ఒక్కో జతను తిరగేసి వెలుతురులో పట్టుకోండి. మడమ బయటి అంచు, బొటనవేలి కింద గుండ్రటి చోటు, ఈ రెండూ అన్నిటికంటే ముందు అరుగుతాయి. అక్కడ చూపుడువేలి గోరు పెట్టి గీయండి. గీతలు గోటికి టకటకా తగలాలి. గోరు నున్నగా సాగిపోతే ఆ జత గుడికే. బైకు టైరును తలచుకుంటే ఇదేమిటో అర్థమవుతుంది. గీతలున్న టైరు వానలో నీళ్లను పక్కలకు తోసేసి రోడ్డును పట్టుకుంటుంది, బోడి టైరు నీళ్ల మీద తేలుతుంది. చెప్పు అడుగు చేసే పనీ అదే.

తర్వాత చెప్పును రెండు చేతులా పట్టుకుని వంచండి. అడుగుకూ పై భాగానికీ మధ్య పేస్టు వదిలి చిన్న నోరు తెరుచుకుంటే చాలు, నీళ్లలో నానాక మధ్యాహ్నం లోపు ఆ నోరు పూర్తిగా తెరుచుకుంటుంది. పిన్నీసు, తీగ, సన్న మేకు, ఫెవిక్విక్ చుక్క, వీటిలో ఏది కనపడ్డా ఇంక ఆలోచించకండి.

ఒక జతను మాత్రం ప్రత్యేకంగా అనుమానించాలి. షూ ర్యాకులో అడుగునో, అటక మీద అట్టపెట్టెలోనో మూడు నాలుగేళ్లుగా కదలకుండా పడి ఉన్న స్పోర్ట్స్ శాండల్స్. చూడ్డానికి కొత్తగా ఉంటాయి, "ఇవి దిట్టంగా ఉన్నాయిగా" అనిపిస్తుంది. వాటి అడుగు పాలియురేథేన్‌దైతే, షాపుల్లో పీయూ సోల్ అనేది దాన్నే, గాలిలోని తేమకు ఆ పదార్థం లోలోపలే విరుగుతూ వస్తుంది. వాడకుండా దాచినంత మాత్రాన అది ఆగదు, మన వానాకాలాలు అది దాచిన పెట్టెలోకీ వస్తాయి. ఏళ్ల తర్వాత ఒక రోజు వేసుకుని నాలుగడుగులు వేయగానే ఎండిపోయిన కేకులా ముక్కలు ముక్కలుగా రాలుతుంది. అడుగును బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. పగుళ్లు తేలినా, వేలికి పొడి అంటినా, బంకగా తగిలినా దానికి కాలం చెల్లినట్టే.

పార్కులో ఎక్కడెక్కడ నడుస్తారో ఊహించుకోండి

ఈ పని ఎవరూ చేయరు, చెప్పుల ఎంపికంతా దీని మీదే ఆధారపడి ఉంది మరి. హైదరాబాదు దగ్గర రావిర్యాలలో 2016లో మొదలైన వండర్‌లా లాంటి చోట నీటి రైడ్లూ పొడి రైడ్లూ ఒకే ఆవరణలో ఉంటాయి. అక్కడ మీ చెప్పులు పార్కింగు నుంచి గేటు దాకా, పొడి రైడ్ల క్యూల్లో, తినే చోట, తడి దారుల్లో, బట్టలు మార్చుకునే గదుల్లో, అన్నిచోట్లా పనిచేయాలి. కొలనూ నాలుగు స్లైడ్లూ మాత్రమే ఉన్న చిన్న పార్కులో అంత నడక ఉండదు.

స్లైడ్ల మీద ఎలాగూ చెప్పులు ఉండవు. సిబ్బంది మెట్ల దగ్గరే విప్పిస్తారు. అది వాళ్ల పెత్తనం అనుకోకండి. ఆ గొట్టాలు ఫైబర్‌గ్లాస్‌వి, లోపల నున్నటి పూత ఉంటుంది. ఒక బకిల్ అంచో, ఒక రివెట్టో ఆ పూతను గీస్తే ఆ తర్వాత జారేవాళ్ల వీపు ఆ గీత మీదుగానే వెళ్తుంది. ఇక రబ్బరు అడుగైతే మీరు జారుతుండగా గోడను పట్టేసుకుంటుంది. ఒళ్లు కిందకు పోతుంది, కాలు అక్కడే ఆగుతుంది, చీలమండ మెలిపడుతుంది. పొడి రైడ్లలో కూడా పైకి తిప్పేవాటికి వదులు చెప్పులు విప్పమంటారు, గాల్లోంచి చెప్పు వచ్చి కిందివాళ్ల నెత్తిన పడకూడదు కదా.

కాబట్టి ఆ రోజు మీరు చెప్పులు ఇరవై ముప్పై సార్లు విప్పి మళ్లీ తొడుగుతారు. అదీ తడి కాళ్లతో, ఒక చంకలో ట్యూబు, ఇంకో చేత్తో పిల్లాడి రెక్క పట్టుకుని. వంగి లేసులు కట్టుకోవాల్సినవీ, బకిల్ రంధ్రాలు వెతుక్కోవాల్సినవీ అక్కడే లెక్కలోంచి పోయాయి. మరీ వదులుగా ఉండి అడుగుకోసారి మడమ నుంచి ఊడిపోయేవీ పోయాయి. ఈ రెంటికీ మధ్యలో ఉన్నదే మనకు కావాలి.

నీళ్లలోకి చెప్పులతో రానిస్తారా లేదా అన్నది ఒక్కో పార్కుది ఒక్కో పద్ధతి. కొన్నిచోట్ల అలలు వచ్చే వేవ్ పూల్లోకి, నీళ్లలో వేసుకునే పలచటి ఆక్వా షూస్ ఒప్పుకుంటారు, కొన్నిచోట్ల ఏవీ వద్దంటారు. టికెట్ బుక్ చేసేటప్పుడే ఫోన్ చేసి ఆ ఒక్క ప్రశ్న అడిగేస్తే డబ్బులు దండగ కావు.

ఏ సరుకుతో చేశారన్నది చూడండి

తోలు చెప్పుల గురించి చెప్పడానికేం లేదు. నానితే ఉబ్బుతుంది, ఎండితే అప్పడంలా బిగుసుకుంటుంది. కాన్వాస్ బూట్లు నీళ్లు పీల్చి కాళ్లకు ఇటుకలు కట్టినట్టు బరువెక్కుతాయి, మర్నాటికీ ఆరవు. మెరిసే గట్టి ప్లాస్టిక్ చెప్పులు, పీవీసీవి, చవగ్గా వస్తాయి, నీళ్లకు పాడవవు, తడి టైల్స్ మీద మాత్రం గాజు మీద గాజు పెట్టినట్టే. అంచులు కూడా గట్టిగా ఉండి నానిన చర్మాన్ని కోస్తాయి.

మిగిలినవి రబ్బరు, ఈవీఏ. ఈ రెంటికీ పోటీ. మెత్తటి రబ్బరుకు తడిలో పట్టు ఎక్కువ, బరువు కాస్త ఎక్కువ. ఈవీఏ అంటే క్రాక్స్ రకం చెప్పులు చేసే తేలికపాటి నురుగు సరుకు. దాని లోపలి గాలి బుడగలు ఒకదానితో ఒకటి కలవకుండా మూసుకుని ఉంటాయి కాబట్టి నీళ్లు పీల్చదు, తుడిస్తే పొడిబారుతుంది, నీళ్లలో వేస్తే తేలుతుంది. లోపం ఏమిటంటే రబ్బరు కంటే తొందరగా అరుగుతుంది, అరిగిందంటే బాగా జారుతుంది. నా దృష్టిలో అన్నిటికంటే మేలు పైన ఈవీఏ, అడుగున పలచటి రబ్బరు పొర అతికినవి. అవి దొరక్కపోతే కొత్త ఈవీఏ, అడుగున లోతైన గీతలున్నవి.

షాపులో కుర్రాడు "వాటర్‌ప్రూఫ్ మేడమ్, ఏం కాదు" అంటాడు. నిజమే, చెప్పుకు ఏం కాదు. జారి పడేది మనం.

ఎవరికి ఏవి

పెద్దవాళ్లకు, అంటే మామూలుగా నడిచి పరిగెత్తగలిగేవాళ్లకు, నా ఓటు వెనకాల పట్టీ ఉన్న క్రాక్స్ రకానికే. ముందు భాగం మూసి ఉంటుంది కాబట్టి గుంపులో ఎవరైనా తొక్కినా, ట్యూబు బండి చక్రం తగిలినా వేళ్లు భద్రం. పట్టీ ముందుకు తోసేస్తే స్లిప్పర్లా తొడుక్కోవచ్చు, నడక ఉన్నప్పుడు మడమకు వేసుకోవచ్చు. అసలు బ్రాండువే కొనక్కర్లేదు. కోఠీలోనో, విజయవాడ బీసెంట్ రోడ్డులోనో నాలుగైదు వందలకు దొరికేవి ఇలాంటి రోజుకు చాలు, కింద చెప్పబోయే పరీక్షలు నెగ్గితే.

ఫ్లోటర్స్, అంటే పట్టీల స్పోర్ట్స్ శాండల్స్, కూడా మంచివే, వెల్క్రో ఉన్నవి. కాకపోతే వెల్క్రో తడిస్తే పట్టు కాస్త తగ్గుతుంది, దాని ముళ్లలో దారప్పోగులూ వెంట్రుకలూ ఇరుక్కుంటే ఇంకా తగ్గుతుంది. పాత టూత్‌బ్రష్షుతో దువ్వి శుభ్రం చేసి తీసుకెళ్లండి. హవాయి చెప్పులే కావాలంటారా, కొత్త జత కొనండి, రెండొందల పైచిలుకు. అయితే రోజంతా తడిలో నడిస్తే బొటనవేలి పక్కన ఆ గుబ్బ ఒరుసుకుని చెప్పు కరుస్తుంది. నానిన చర్మం పొడి చర్మం కంటే తొందరగా లేస్తుంది. వారం ముందు నుంచి ఇంట్లో వేసుకుని అలవాటు చేసుకుంటే కొంత నయం.

పిల్లల సంగతి వేరు. వేవ్ పూల్లో మోకాలి లోతు దగ్గర వాళ్లు చేసే పని చూడండి, అల రాగానే బోర్లా పడి వేళ్ల కొనలతో నేలను తంతూ వెనక్కి పాకుతారు. ఆ నేల జారకుండా ఉండాలని గరుకుగా చేస్తారు. సాయంత్రానికి బొటనవేళ్ల కొనలు, మోకాళ్లు ఎర్రగా గీరుకుపోయి ఉంటాయి, రాత్రి స్నానం చేయించేటప్పుడు గాని ఏడుపు మొదలవదు. పార్కు ఒప్పుకుంటే పిల్లలకు ఆక్వా షూస్ వేయండి. మేజోడులా కాలికి అతుక్కుని ఉండే సాగుడు గుడ్డ, అడుగున పలచటి రబ్బరు. పెద్ద స్పోర్ట్స్ దుకాణాల్లో దొరుకుతాయి. వీటిలో లైట్లు వెలిగేవీ, మడమలో బ్యాటరీ ఉన్నవీ కొనకండి. ఎదిగే కాళ్లు కదా అని రెండు నంబర్లు పెద్దవి తీసుకునే అలవాటు మనకు ఉంది, నాకూ ఉంది. స్కూలు బూట్లలో దూది కుక్కి సరిపెట్టొచ్చు, నీళ్లలో కుదరదు. వదులు చెప్పులో నీళ్లు చేరి కాలు లోపలే ఈతకొడుతుంది.

ఆడవాళ్లకు ఒక మాట. మెట్టెలు ఉంటే బిగుతైన ఆక్వా షూస్ వద్దు. రోజంతా నీళ్లలో నాని, వేడికి కాళ్లు కాస్త ఉబ్బి, మెట్టె పక్క వేలిలోకి దిగబడుతుంది. వెండి పట్టీలు ఇంట్లోనే తీసి పెట్టి రండి. వెల్క్రోకూ, ట్యూబు వలలకూ అవి తగులుకుంటాయి. పైగా స్లైడ్ మీద లోహం వద్దనే నియమం వాటికీ వర్తిస్తుంది.

షుగర్ ఉన్నవాళ్లు

ఇది విడిగా చెప్పాల్సిన సంగతి. మా అత్తయ్యకు పదిహేనేళ్లుగా షుగర్. ఒకసారి మాతో వచ్చి, "నేను గట్టు మీద కూర్చుంటాలే, చెప్పులు తడిసిపోతాయి" అని విప్పి సంచిలో పెట్టేసుకుని, మధ్యాహ్నం రెండింటికి సిమెంటు దారి మీద వట్టి కాళ్లతో టాయిలెట్ దాకా నడిచి వచ్చింది. మేం అదే దారిలో కుప్పిగంతులు వేస్తూ పరిగెత్తాం. ఆవిడ నిదానంగా నడిచింది. "కాలడం లేదా అత్తయ్యా?" అంటే "ఏమో, నాకేం తెలీలేదే" అంది. సాయంత్రానికి రెండు అరికాళ్లలోనూ బొబ్బలు. ఆ పుళ్లు మానడానికి నెలన్నర పట్టింది.

షుగర్ చాలాకాలం ఉంటే కాళ్ల నరాలు మొద్దుబారతాయి, వేడీ నొప్పీ సరిగ్గా తెలియవు. గాలి 40 డిగ్రీలున్న మధ్యాహ్నం ఎండలో కాలిన సిమెంటు నేల 50 డిగ్రీలు దాటడం మామూలే. స్పర్శ ఉన్న కాలు దానంతటదే వెనక్కి లాక్కుంటుంది, స్పర్శ లేని కాలు అక్కడే ఉండిపోతుంది. అందుకని ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లుంటే వాళ్లు ఒక్క అడుగు కూడా చెప్పుల్లేకుండా వేయకూడదు. డాక్టరు చెప్పగా కొన్న ఎంసీఆర్ చెప్పులు, అంటే షుగర్ కాళ్లకోసం చేసే మెత్తటి రబ్బరువి, ఉంటే అవే వేసుకుని పొడి చోటనే ఉండాలి. నీళ్లలో కాళ్లు పెట్టాలని సరదా పడితే, ముందు మూసి వెనకాల పట్టీ ఉన్న మెత్తటి జత ఇంకొకటి తీసుకెళ్లండి. వేళ్ల మధ్య గుబ్బ ఉండే హవాయి మాత్రం వాళ్లకు వద్దు, ఒరుసుకున్న సంగతి కూడా తెలియదు. ఇల్లు చేరాక అరికాళ్లూ వేళ్ల సందులూ మీరే చూడండి, లేదా నేల మీద అద్దం పెట్టి వాళ్లనే చూసుకోమనండి.

షాపులో ఏం చూడాలి

సాయంత్రం వెళ్లండి. రోజంతా నడిచాక కాళ్లు కాస్త ఉబ్బి ఉంటాయి, పార్కులో ఉండే సైజు అదే. నంబరు దగ్గర ఒక తిరకాసు ఉంది. మన షాపుల్లో 7 అంటే బ్రిటిష్ కొలత. క్రాక్స్ లాంటి వాటి మీద అమెరికా కొలత ఉంటుంది, అదే కాలికి ఎమ్8 డబ్ల్యూ10 అని కనిపిస్తుంది, మగవాళ్లకు 8, ఆడవాళ్లకు 10 అని. ఆన్‌లైన్లో 7 అని నొక్కేసి బిగుతు జత తెప్పించుకునేది ఇందుకే.

తొడుక్కున్నాక రెండు జారుళ్లు ఉంటాయని గుర్తుపెట్టుకోండి. ఒకటి అడుగు కింద, నేలకూ చెప్పుకూ మధ్య. రెండోది పైన, చెప్పుకూ కాలికీ మధ్య. రెండోదాన్ని ఎవరూ చూడరు. కాలు ఆనే పలక అద్దంలా మెరుస్తుంటే తడి కాలు దాని మీద ముందుకు పోతుంది, చెప్పు వెనకబడుతుంది, పట్టీ చీలమండను కోస్తుంది. ఆ పలక మీద సన్నటి బుడిపెలో, అడ్డగీతలో ఉండాలి. అరచేతిని కాస్త తడి చేసుకుని రుద్ది చూడండి, సిగ్గుపడక్కర్లేదు, దుకాణంలో నీళ్ల సీసా ఉంటుంది.

క్రాక్స్ రకంలో పైన రంధ్రాలు అన్నిటికీ ఉంటాయి. పక్కన, అడుగుకు దగ్గరగా ఉన్నాయా చూడండి. లేకపోతే లోపల చేరిన నీళ్లు పోవు, రోజంతా చపక్ చపక్‌మంటూ నడవాలి. వెనక పట్టీ బిగించే గుండీ ప్లాస్టిక్‌దై ఉండాలి, ఇనుప రివెట్టు తుప్పు పడుతుంది, పైగా స్లైడుకు చేటు. పట్టీని నాలుగైదుసార్లు ముందుకూ వెనక్కూ తిప్పండి. మరీ వదులుగా ఆడితే నెలలోపే ఊడుతుంది.

చివరగా, రంగు. నలుపు, ముదురు నీలం వద్దు. ఎండలో వదిలితే పెనంలా కాలతాయి. పైగా ఆ రెండు రంగులే ఊరందరి కాళ్లకూ ఉంటాయి.

బాత్రూం పరీక్ష

ఇంటికి తెచ్చాక బాత్రూం టైల్స్ మీద ఒక చెంబు నీళ్లు పోయండి. సబ్బు వద్దు. గోడకున్న కొళాయి గొట్టాన్నో తలుపు చట్రాన్నో పట్టుకుని, ఒక కాలిని మెల్లగా ముందుకు తోయండి. పట్టి ఆగాలి. సర్రున పోతే ఆ జత తిరిగిచ్చేయండి. కొత్త చెప్పుల అడుగున అచ్చులోంచి తీసేటప్పుడు పూసే పదార్థం తాలూకు జిడ్డు ఉండొచ్చు, అందుకని ఒకసారి సర్ఫుతో బ్రష్షు పెట్టి తోమి, బాగా కడిగి, మళ్లీ పరీక్షించండి. అప్పటికీ జారితే అది చెప్పు గుణమే. తర్వాత వారం రోజులు సాయంత్రం పాల ప్యాకెట్టుకు వెళ్లేటప్పుడు అవే వేసుకోండి. ఎక్కడ కరుస్తుందో ముందే తెలిస్తే అక్కడ తడికి ఊడని బ్యాండేజీ వేసుకుని వెళ్లొచ్చు.

ఆ రోజు

కార్లోనో సంచిలోనో ఇంకో పొడి జత ఉంచండి. తిరుగు ప్రయాణంలో తడి చెప్పులతో రెండు గంటలు కూర్చుంటే వేళ్ల సందులు నానిపోతాయి. తడివి వేసుకోవడానికి మందపాటి ప్లాస్టిక్ కవరు ఒకటి.

స్లైడ్ దగ్గర చెప్పులు ఎక్కడ విడవాలన్నది అనుభవం మీద తెలిసింది. మెట్ల మొదట్లో విడిచి పైకెక్కుతాం, జారి ఇంకెక్కడో తేలతాం. మళ్లీ మెట్ల దాకా కాలే నేల మీద పరుగు. ముందే కింద కొలను ఎక్కడుందో చూసుకుని, చెప్పులు అక్కడ పెట్టి, మెట్ల దాకా మాత్రం వట్టి కాళ్లతో నడవండి. ఎక్కేటప్పుడు కాళ్లు పొడిగా, ఒంట్లో ఓపికతో ఉంటాం. దిగాక కళ్లలో నీళ్లు, ఒంట్లో వణుకు, చెప్పులు ఎదురుగా ఉంటే ప్రాణం లేచొస్తుంది. నేల మరీ కాలుతుంటే నీళ్లు చిమ్మిన తడి చారల మీదుగా నడవండి. విడిచేటప్పుడు అడుగు పైకి ఉండేలా బోర్లించి పెడితే కాలు పెట్టే వైపు కాలదు. మా పిల్లలు దీన్ని "దోసె తిప్పడం" అంటారు.

అందరివీ ఒకేలా ఉంటాయి కాబట్టి గుర్తు పెట్టుకోవాలి. మార్కర్ పెన్ను చెరిగిపోతుంది. నెయిల్ పాలిష్‌తో మడమ లోపల మూడు చుక్కలు పెట్టి రాత్రంతా ఆరనిస్తే చాలాకాలం ఉంటుంది. పోతాయని భయముంటే గుడి చిట్కా ఒకటి ఇక్కడ కూడా పనిచేస్తుంది, ఒక కాలిది ఇక్కడ, ఇంకో కాలిది నాలుగు గజాల అవతల విడవడం. ఒంటి చెప్పును ఎవరూ ఎత్తుకుపోరు.

షవర్ల దగ్గర, బట్టలు మార్చుకునే గదుల్లో మాత్రం చెప్పులు విప్పకండి. రోజంతా వందల మంది వట్టి కాళ్లతో తిరిగే తడి గచ్చు అది. వేళ్ల సందుల్లో దురద పెట్టే ఫంగస్, అరికాళ్ల పులిపిర్లు తెచ్చే వైరస్ అలాంటి చోట్లే అంటుకుంటాయి. పార్కు మొత్తంలో చెప్పులు తప్పనిసరిగా ఉండాల్సింది అక్కడే, అందరూ విప్పేసేదీ అక్కడే.

ఇంటికొచ్చాక

మంచినీళ్లతో కడిగి, నీడలో, గాలి తగిలేలా గోడకు నిలబెట్టండి. క్లోరిన్ నీళ్లు ఆరిపోతే రంగు వెలుస్తుంది. ఆక్వా షూస్‌ను లోపలి వైపు తిరగేసి ఆరేయాలి, లేకపోతే రెండో రోజుకు గది అంతా కంపు.

ఎండలో మాత్రం పెట్టకండి, మూసిన కార్లో అస్సలు వదలకండి. ఈవీఏ వేడికి ముడుచుకుపోతుంది. మా పెద్దాడి కొత్త జతను ఏప్రిల్లో కారు వెనక అద్దం కింద మర్చిపోయాం. వారం తర్వాత తీసి వేసుకోబోతే మడమ బయటే ఉండిపోయింది, ఒక నంబరు తగ్గింది. ఇప్పుడవి చిన్నాడి కాళ్లకు సరిగ్గా సరిపోయాయి. వాడికి ఆ సంగతి తెలియదు, కొత్తవి కొన్నామనే అనుకుంటున్నాడు.